మహమ్మారి కాలమున నాన్‌బైనరీ వ్యక్తుల మనఃస్థితి: భాషాశాఖల బాధ్యత

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా పేర్కొనెను. అదే నెల 25వ తేదీ నుండి భారతదేశమంతట 21 దినముల లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. పిమ్మట అది పలుమారులు పొడిగింపబడినది. 2023 మే 5వ తేదీన అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ఆ సంస్థయే తెలిపినది. ఈ మూడేండ్ల చరిత్రను వ్రాయువారు మరణములను, ఆసుపత్రి పడకల కొరతను, ప్రాణవాయువు కొరతను, కాలినడకన స్వగ్రామములకు మరలిన కూలీలను స్మరించుచున్నారు. అది న్యాయమే. కాని ఆ చరిత్రలో లెక్కకు రాని బాధ యొకటి కలదు. తమను పురుషుడని గాని స్త్రీ యని గాని చెప్పుకొనజాలనివారు ఆ కాలమున అనుభవించిన మానసిక క్లేశము అట్టిది. ఇది వైద్యుల విషయమనియు, న్యాయవాదుల విషయమనియు తలచి భాషాపండితులు ప్రక్కకు తొలగుట పరిపాటి. అయితే ఆ క్లేశములో కొంత భాష మూలముననే కలిగినది. దానిని తగ్గించు పనిలోను కొంత భాషాశాఖలదే కావలెను.

మొదట మాటను గూర్చి విచారింపవలెను. నాన్‌బైనరీ అనునది ఆంగ్లపదము. స్త్రీపురుషులను రెండు గదులలో దేనియందును తాము పూర్తిగా ఇముడమని చెప్పుకొనువారికి అది పేరు. వీరిలో కొందరు తాము రెండింటికిని చెందుదుమందురు. కొందరు రెండింటికిని చెందమందురు. కొందరికి ఈ భావము కాలమును బట్టి మారుచుండును. వీరందరు శస్త్రచికిత్స చేయించుకొన్నవారు కారు. అందరు వేషమున భిన్నముగా కనబడువారును కారు. తెలుగు పత్రికలలో మాత్రము హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు, లింగమార్పిడి చేసుకున్నవారు, మూడవ లింగమువారు అను మాటలు ఒకదానికి బదులుగా ఒకటి వాడబడుచున్నవి. హిజ్రా అనునది గురుశిష్య పరంపర, ఆచారములు, సహజీవనము గల సమాజమునకు పేరు. ట్రాన్స్‌జెండర్ అనునది అంతకంటె విశాలమైన మాట. నాన్‌బైనరీ వ్యక్తులలో అనేకులు సామాన్య కుటుంబములలో, కళాశాలలలో, కార్యాలయములలో నుండి, తమ సంగతి ఒకరిద్దరు స్నేహితులకు తప్ప తెలియనివారు. పేరు సరిగా తెలియని బాధకు చికిత్స సరిగా జరుగదు.

ఇచట మరియొక అపోహను తొలగించుట అవసరము. ఈ భావము కలిగియుండుటయే మనోవ్యాధి యని తలచువారు నేటికిని కలరు. 2019లో ఆమోదింపబడి 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ పదునొకండవ కూర్పు ఈ విషయమును మానసిక రుగ్మతల ప్రకరణము నుండి తొలగించెను. 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు, ఇట్టివారిని మార్చుటకై చేయు నామమాత్ర చికిత్సలను నిషేధింపవలెనని ఆదేశించెను. 2022లో జాతీయ వైద్య కమిషను అట్టి చికిత్సను వృత్తిధర్మమునకు విరుద్ధముగా పేర్కొనెను. కనుక ఇచట మానసిక క్లేశమనగా ఆ వ్యక్తి స్వభావము కాదు. ఆ స్వభావము గల వ్యక్తిపై లోకము మోపు భారము. ఇలాన్ మేయర్ అను పండితుడు 2003లో ప్రకటించిన వ్యాసమున దీనిని అల్పసంఖ్యాకుల ఒత్తిడిగా వివరించెను. బయటినుండి వచ్చు అవమానము, అవమానము వచ్చునేమో యను ఎడతెగని ఎదురుచూపు, తన్ను తాను దాచుకొను శ్రమ, లోకము చెప్పిన నిందను తానే నమ్ముట అనునవి ఈ ఒత్తిడికి అంగములు. వీటికి మందు తోటివారి సాంగత్యము. మహమ్మారి మొదట తీసికొనిపోయినది ఆ మందునే.

2020 మార్చిలో విశ్వవిద్యాలయముల వసతిగృహములు మూతపడినవి. విద్యార్థులు ఇండ్లకు మరలిరి. అనేకులకు ఇల్లు ఆశ్రయము. తన సంగతి ఇంట చెప్పుకొనని విద్యార్థికి అదే ఇల్లు విరామము లేని నటనకు రంగస్థలము. వసతిగృహమున ఒక స్నేహితుని గది యుండును. ఇంట తలుపు వేసికొనుటయే అనుమానమునకు తావిచ్చును. ఫోనులో సలహాదారుతో మాటాడవలెనన్న ప్రక్క గదిలో వినువారుందురు. జుట్టు, దుస్తులు, నడక మాత్రమే కాక పెండ్లిమాటలు కూడ దినదినము చర్చకు వచ్చును. బయటి వ్యాధి భయము అందరికిని సమానమే. లోపలి ఈ భయము వీరికి అదనము.

ఈ యదనపు భారములో భాష పాలు ఎంత యన్నది పరిశీలింపదగిన విషయము. తెలుగు ఇంటి మాటలలో లింగము ఎచట పలుకును, ఎచట పలుకదు? ఉత్తమ పురుషమున అది పలుకదు. అలసిపోయాను అన్న వాక్యమున వక్త స్త్రీయో పురుషుడో తెలియదు. మధ్యమ పురుషమునను అంతే. అలసిపోయావు, అలసిపోయారు అన్నపుడు వినువాని లింగము క్రియలో లేదు. హిందీలో ఇది సాధ్యము కాదు. థక్ గయా హూఁ అనవలెను, లేదా థక్ గయీ హూఁ అనవలెను. తన యలసటను చెప్పుకొనుటకు పూర్వమే వక్త తన లింగమును చెప్పుకొనక తప్పదు. మరాఠీలోను వర్తమాన క్రియ ఉత్తమ పురుషమున లింగమును చూపును. మలయాళమున క్రియకు లింగభేదము లేదు గాని సర్వనామమునకు కలదు. బంగాళీలో సర్వనామమునకును లేదు. ఒకే దేశమున, ఒకే వ్యాధి కాలమున, ఒకే దుఃఖమును చెప్పుకొనుటకు ఒక్కొక్క భాష ఒక్కొక్క మూల్యమును అడిగినది. స్వరాష్ట్రమునకు వెలుపల చదువుకొను తెలుగు విద్యార్థి హిందీలో సలహా కోరవలసి వచ్చినపుడు, మాతృభాషలో చెల్లింపనక్కరలేని సుంకమును ప్రతి వాక్యమునకును చెల్లింపవలసియుండును.

అట్లని తెలుగు నిర్దోషియని చెప్పుటకు వీలులేదు. తెలుగులో లింగము ఉత్తమ మధ్యమ పురుషముల క్రియలలో దాగి, పిలుపులో బయటపడును. ఏరా, ఏమే, రారా, రావే, ఒరే, ఒసే అనునవి ఇంటివారి చనువునకు గుర్తులు. ఆ చనువే ప్రతి పిలుపునందును వినువారిని ఒక గదిలోనికి నెట్టుచున్నది. దూరపు మాటలో మీరు, గారు అను తటస్థపదములు కలవు. దగ్గరి మాటలో అవి లేవు. ఎంత ప్రేమయో అంత లింగము. లాక్‌డౌన్ కాలమున దూరపు మాటలన్నియు తగ్గి దగ్గరి మాటలే మిగిలినవి. ప్రేమతో పిలిచిన పిలుపే గుచ్చుకొను స్థితిని నాన్‌బైనరీ వ్యక్తి ఎవరితోను చెప్పుకొనజాలదు, చెప్పుకొనజాలడు. ఈ వాక్యము చివర రెండు క్రియలు వ్రాయవలసి వచ్చుటయే ఆ యిబ్బందికి నిదర్శనము. చెప్పుకొనజాలరు అని వ్రాసినచో ఇబ్బంది తీరును.

ఈ చివరి మాటలో తెలుగు వ్యాకరణము ఇచ్చు సహాయము కలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున చూపిన మహదమహద్విభాగము ప్రకారము, స్త్రీవాచకములు ఏకవచనమున అమహత్తులతో చేరును. బహువచనమున మహత్తులతో చేరును. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో ప్రకటించిన ద్రావిడభాషల గ్రంథమునను ఈ లక్షణము తులనాత్మకముగా వివరింపబడినది. ఏకవచనమున తెలుగు పురుషుని వేరుచేసి తక్కిన సర్వమును ఒక రాశిగా పోసినది; బహువచనమున మనుష్యులందరిని ఒకచోట చేర్చినది. వారు అను మాటలో స్త్రీపురుష భేదము లేదు. మనుష్యుడు, మనుష్యేతరము అను భేదమే కలదు. గౌరవార్థమున ఒక్కరిని గూర్చియు ఆ మాట వాడుట చిరకాలముగా నున్న ఆచారము. ప్రాచీన కావ్యభాషలో వచ్చెను, వచ్చును అను ఏకవచన రూపములు సైతము రాముడు, సీత, గుఱ్ఱము అను మూడింటికిని సమానమే. వచ్చాడు, వచ్చింది అను భేదము నేటి వ్యవహారమున తప్పనిసరి యైనది. నిజవాచకమైన తాను అను పదమునకు లింగము లేదు. నేటి యువకుల మాటలో తను అన్నది ప్రథమ పురుష సర్వనామముగా వ్యాపించుచున్నది. బిడ్డ, తోబుట్టువు, సంతానము అను బంధుత్వపదములు ఇదివరకే ఉన్నవి. కుమారుని, కుమార్తెను గూడ నాన్నా యని ముద్దుగా పిలుచు తలిదండ్రులు ఎందరో కలరు. కనుక భాషలో చోటు లేదనుట సరికాదు. ఉన్న చోటును చూపించువారు లేరు.

తమిళమునందలి తొల్కాప్పియము ఈ విషయమున గమనింపదగినది. స్త్రీత్వము వైపు మరలిన పురుషుని తెలుపు పేడి వంటి పదములకు ప్రత్యేక ప్రత్యయము లేదని ఆ వ్యాకరణము గుర్తించినది. లేదని గుర్తించియు వానిని జంతుజడముల వర్గమున వేయలేదు. మనుష్యులకు చెందు ఉన్నత వర్గముననే ఉంచి, ఆ వర్గపు క్రియలతోనే అన్వయింపవలెనని విధించినది. నాటి పదమును నేటి వ్యక్తులకు అతికింపరాదు. కాని రెండు గదులలో ఇముడని మనుష్యులుందురనియు, వారికి ప్రత్యయము లేకున్నను మనుష్యత్వము కలదనియు ఒక ప్రాచీన వైయాకరణుడు ఎరిగియుండెను. ఇది పశ్చిమము నుండి నిన్న దిగుమతియైన వేడుక యను మాటకు అంతకంటె వేరు సమాధానము అక్కరలేదు. సంస్కృతమున భార్యను తెలుపు దార, భార్యా, కళత్ర శబ్దములు క్రమముగా పుం, స్త్రీ, నపుంసక లింగములగుట విద్యార్థులెల్లరు ఎరిగినదే. శాస్త్రలింగము వేరు, దేహలింగము వేరు అని చెప్పిన సంప్రదాయమునకు, మనోలింగము మరియొకటి యుండవచ్చునన్న మాట వినరానిది కాదు.

వ్యాకరణము ఇచ్చిన చోటును వ్యవహారము మూసివేసిన తీరు మహమ్మారి కాలమున స్పష్టముగా కనబడినది. 2020 మార్చిలో హైదరాబాదు నగరమున కొన్నిచోట్ల వెలసిన గోడపత్రికలు, హిజ్రాలతో మాటాడినను వ్యాధి సోకునని చెప్పి, వారిని దుకాణముల దరికి రానీయవద్దని హెచ్చరించెను. వానిలో వాడినవి వాడుకలోని తిట్టుపదములే. వ్యాధి యంతటి వేగముతో మాటయు వ్యాపించినది. ఆ దినములలో 1329 ఫసలీ నాటి, అనగా 1919 ప్రాంతపు, నిజాము కాలపు నపుంసకుల చట్టము తెలంగాణమున ఇంకను రద్దు కాలేదు. ఆ చట్టము అట్టివారి పేర్లను పట్టికలో నమోదు చేయించి, బహిరంగముగా స్త్రీవేషమున కనబడినచో వారంటు లేకయే నిర్బంధించుటకు అధికారమిచ్చినది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు స్వీయ నిర్ణయ హక్కును గుర్తించిన తరువాతను, అనగా మహమ్మారి కాలమంతయు, ఆ పాత మాట ఆ పాత చట్టములో నిలిచియే యున్నది. నేపాళమున సర్వోన్నత న్యాయస్థానము 2007లోను, బంగ్లాదేశమున ప్రభుత్వము 2013లోను, పాకిస్తానమున శాసనసభ 2018లోను ఈ దిశగా అడుగులు వేసినవి. చట్టము ముందు నడచినను, నోటి మాట వెనుకబడుట ఈ ప్రాంతమంతటికిని సామాన్య లక్షణము.

తిట్టుపదము కానిది కూడ బాధింపగలదు. 2011 జనాభా లెక్కలలో స్త్రీలు, పురుషులు కాక మూడవ గడిలో చేరినవారి సంఖ్య 4,87,803. కోవిడ్ టీకా నమోదులోను అట్టి మూడవ గడియే యుండెను. ఆ గడికి తెలుగులో సామాన్యముగా వ్రాయు మాట ఇతరులు. ఇతరులకు ప్రవేశము లేదు అని ద్వారములపై వ్రాయునది ఈ మాటయే. మనవారు కానివారు అని దాని ధ్వని. ఆంగ్లపదమును నిఘంటువు ననుసరించి మార్చినవారికి దురుద్దేశము లేదు. కాని జ్వరముతో వరుసలో నిలిచి తనను ఇతరులలో గుర్తించుకొనుట ఎట్టిదో వారు ఊహింపలేదు. దీనికి ఎదురుగా మరియొక తొందరపాటును కలదు. ద్వంద్వాతీతులు, అర్ధనారీశ్వర స్వరూపులు అని కొందరు స్తుతింతురు. స్తుతి నిందకంటె మేలే గాని, ఆసుపత్రిలో ఏ వార్డున పడక ఇయ్యవలెనను ప్రశ్నకు అది సమాధానము కాదు. వీరు కోరునది పూజ కాదు, సామాన్యత.

సహాయము చేయువారి భాషను గూడ ఈ దృష్టితో చూడవలెను. 2020 సెప్టెంబరులో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కిరణ్ అను సహాయవాణిని ప్రారంభించెను. 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను జాతీయ సేవ 14416 అను సంఖ్యతో మొదలైనది. భారతీయ భాషలలో మాటాడు సలహాదారులు ఇట్టి సేవలకు ప్రాణము. తెలుగువారు ఫోను తీసిన వెంటనే గొంతును బట్టి చెప్పమ్మా యనియో, చెప్పు బాబూ యనియో అనుట మర్యాదగా అలవడిన పద్ధతి. అవతలివారు ధైర్యము కూడదీసికొని చేసిన మొదటి ఫోనులో మొదటి పిలుపే తప్పిపోయినచో రెండవ వాక్యము రాకపోవచ్చును. చెప్పండి, వింటున్నాను అను రెండు మాటలకు ఖర్చు లేదు, లింగము లేదు. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, లింగమును బట్టి గాని లైంగికతను బట్టి గాని భేదము చూపక సేవలందింపవలెనని శాసించినది. ఆ శాసనము తెలుగులో ఆచరణకు వచ్చుట ఇట్టి చిన్న మాటలలోనే.

దీనిపై వచ్చు ఆక్షేపణలలో బలమైనది ఒకటి కలదు. ఆకలిగొన్నవానికి అన్నము కావలెను గాని సర్వనామము కాదని కొందరందురు. లాక్‌డౌన్‌లో బ్రతుకుతెరువు పోయినవారికి, అద్దె ఇయ్యలేక వీధిని పడినవారికి, హార్మోను మందులు దొరకనివారికి ముందుగా కావలసినది అన్నము, గూడు, ఔషధమే. ఇందు సందేహము లేదు. భాషాశాఖలు ఆ పనులు చేయజాలవు. కాని అన్నము పెట్టుచోటను, మందు ఇచ్చుచోటను పేరడిగి వ్రాసికొనువారుందురు. అచట తలవంపు కలుగునని భయపడినవారు ఆ గుమ్మము దరికే రారు. రెండవ ఆక్షేపణ: వారు అను గౌరవ బహువచనము స్నేహితుల నడుమ ఎడము కల్పించునని. ఇది నిజమే, చనువుతో కూడిన తటస్థ ప్రథమ పురుషము తెలుగున ఇంకను స్థిరపడలేదు. దానిని పండితులు తయారుచేసి ఇయ్యజాలరు, వాడువారే సాధింతురు. పండితులు చేయదగినది, ఆ వాడుకను తప్పని ఎఱ్ఱసిరాతో కొట్టివేయకుండుట.

చేయదగిన పనులు మరికొన్ని కలవు. మద్రాసు హైకోర్టు ప్రేరణతో తమిళనాడు ప్రభుత్వము 2022లో ఈ వ్యక్తులను గౌరవముతో పేర్కొనుటకు తగిన పదములను ప్రకటించెను. అంతకుముందే తిరునంగై యను మాట తమిళమున నిలద్రొక్కుకొని పాత తిట్టుమాటలను వెనుకకు నెట్టియుండెను. తెలుగునకును అట్టి పదసూచిక కావలెను. దానిని గదిలో కూర్చుండి పండితులు మాత్రమే కూర్చరాదు. ఆ పదములతో బ్రతుకవలసినవారు ఆ సంఘమున సభ్యులు కావలెను. సరియైన తెలుగుమాట దొరకువరకు నాన్‌బైనరీ యను మాటనే తెలుగులిపిలో వాడుటయందు దోషము లేదు. రైలు, బస్సు, కరోనా అను మాటలు అట్లే వచ్చినవి. నిఘంటువులలో కొజ్జా, పేడి వంటి పదములకు అర్థము వ్రాయునపుడు అవి నిందార్థకములని సూచింపవలెను. మనఃస్థితిని పరీక్షించు ప్రశ్నావళులను, ఆసుపత్రి దరఖాస్తులను తెనిగించునపుడు ఆరోగ్యశాఖలు భాషాశాఖలను సంప్రదించునట్లు కోరవలెను. మూడవ గడిలో ఇతరులు అనుటకు బదులు, లింగము: మీ మాటలలో తెలుపుడు అని ఒక ఖాళీ విడిచినచో చాలును. తరగతిలో లింగప్రకరణము బోధించునపుడు నపుంసక శబ్దము వద్ద వెనుక బల్లల నుండి నవ్వు వచ్చుట అధ్యాపకులెల్లరు ఎరిగినదే. ఆ నవ్వులో చేరనివారు ఒకరు ఆ తరగతిలోనే యుండవచ్చును. సంజ్ఞకును మనుష్యునికిని గల భేదమును ఆ క్షణముననే వివరించు ఉపాధ్యాయుడు ఒక శాస్త్రవిషయమును బోధించినవాడగుటయే కాక ఒక ప్రాణికి ఊపిరి ఇచ్చినవాడగును.

మరియొక మహమ్మారి రాదని ఎవరును హామీ ఇయ్యజాలరు. అది వచ్చిననాడు టీకాలను, పడకలను, బియ్యమును సిద్ధపరచుటకు ప్రభుత్వములు ఇప్పటినుండియే యోచించుచున్నవి. మాటలను సిద్ధపరచుట ఎవరి పనియన్న ప్రశ్నకు విశ్వవిద్యాలయములలోని భాషాశాఖలు తప్ప వేరు సమాధానము లేదు. వసతిగృహములు తిరిగి మూతపడి, తలుపు వేసిన ఇంట ఒకరు ఫోను చేతబట్టి తడబడునాటికి, అవతలివైపు నుండి తగిన తెలుగు వినబడునట్లు చూచుట వారి బాధ్యత.